లాగిన్ ఉన్నవారంతా లోపలివారేనా?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

కంపెనీల లెక్కలు, అమ్మకాలు, సమావేశాలు అన్నీ కంప్యూటర్లలోకి, క్లౌడ్‌లోకి చేరిన తరువాత ఇన్‌సైడర్ ట్రేడింగ్, అంటే కంపెనీ లోపలి రహస్య సమాచారంతో షేర్లు కొనడం, అమ్మడం, ఏ రూపం తీసుకుంటోందన్న విషయంపై వచ్చిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట ఒక్క ఉత్తరాన్నే తీసుకున్నాము. ఇవి సాధారణ అవగాహన కోసం రాసినవి గనుక, సొంత షేర్ల విషయంలో నిర్ణయం తీసుకునే ముందు మీ కంపెనీ కాంప్లియన్స్ అధికారిని గానీ న్యాయవాదిని గానీ సంప్రదించండి.

ప్రశ్న: స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన ఒక కంపెనీలో నేను డేటా ఇంజినీరుగా పనిచేస్తున్నాను. అమ్మకాల వివరాలు ఏ రోజుకారోజు కనిపించే డాష్‌బోర్డులను నిర్వహించడం నా పని. అకౌంట్స్ విభాగంతో గానీ డైరెక్టర్ల బోర్డుతో గానీ నాకు సంబంధం లేదు. ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కూడా కాలేదు. మా కంపెనీ షేర్లు కొంటే నన్ను కూడా ఇన్‌సైడర్ అంటారా?
— ఒక పాఠకుడు, గచ్చిబౌలి

సమాధానం: అంటారు. మన స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2015లో తెచ్చిన ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిషేధ నిబంధనల ప్రకారం కంపెనీతో సంబంధం ఉన్న వ్యక్తి ఇన్‌సైడరే. ఇంకా బయటికి వెల్లడి కాకుండా, వెల్లడైతే షేరు ధరను గణనీయంగా కదిలించగల సమాచారం చేతిలో ఉన్న వ్యక్తి గానీ, దానిని చూసే వీలున్న వ్యక్తి గానీ ఇన్‌సైడరే. ఇటువంటి సమాచారాన్ని ఆ రంగంలో యూపీఎస్‌ఐ అని పిలుస్తారు. కంపెనీతో సంబంధం ఉన్న వ్యక్తి అనే మాటలో ఉద్యోగులు, కాంట్రాక్టు మీద పనిచేసేవారు, గడచిన ఆరు నెలల్లో అక్కడ పనిచేసి మానేసినవారు కూడా చేరతారు. చిన్న ఉద్యోగి అన్న మినహాయింపు ఎక్కడా లేదు.

ఈ విషయంలో మొదటి నిబంధనలు 1992లో వచ్చాయి. ఆనాడు ఒక కంపెనీ త్రైమాసిక లాభం ఎంతో ముందుగా తెలిసేది మేనేజింగ్ డైరెక్టరుకు, ఆర్థిక విభాగాధిపతికి, ఆడిటర్లకు, ఆ కాగితాలను టైపు చేసిన ఒకరిద్దరికి మాత్రమే. అందుకే చాలామంది మనసులో ఇన్‌సైడర్ అంటే ఇప్పటికీ బోర్డు గదిలో కూర్చున్న పెద్దమనిషే. ఈనాడు అదే అంకెను తయారు చేసేది ఒక సాఫ్ట్‌వేర్ వ్యవస్థ. దాని వెనుక డేటాబేసును చూసేవారు, రిపోర్టును పరీక్షించేవారు, రాత్రి షిఫ్టులో సర్వర్లను కాచేవారు ఉంటారు. మేనేజింగ్ డైరెక్టరు తెరపై ఆ అంకె కనిపించే ముందే వీరిలో ఎవరో ఒకరు దానిని చూసి ఉంటారు. 2019 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణలో సెబీ ఈ వాస్తవాన్ని గుర్తించి, యూపీఎస్‌ఐ అందుబాటులో ఉన్న సహాయక సిబ్బందిని, అందులోనూ ఐటీ సిబ్బందిని పేరు పెట్టి ప్రస్తావించి, కంపెనీలు తయారు చేయవలసిన నిర్దేశిత వ్యక్తుల (షేర్ల లావాదేవీలపై ప్రత్యేక ఆంక్షలు ఉన్నవారి) జాబితాలో చేర్చవలసిందని చెప్పింది.

మీ పరిస్థితికి చాలా దగ్గరగా ఉన్న ఉదాహరణ అమెరికాలో క్లౌడ్ ద్వారా ఫోన్, మెసేజ్ సేవలు అందించే ట్విలియో కంపెనీది. ఆ సంస్థలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లుగా పనిచేసిన ముగ్గురు స్నేహితులపైనా, వారి బంధుమిత్రులు నలుగురిపైనా అక్కడి నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 2022 మార్చిలో కేసు పెట్టింది. ఏడుగురూ భారత సంతతివారే. కోవిడ్ ఆంక్షల కారణంగా కస్టమర్లు ట్విలియో సేవలను మునుపటి కంటే ఎక్కువగా వాడుతున్నారని ఆ ఇంజినీర్లు తమకు అందుబాటులో ఉన్న డేటాబేసుల ద్వారా గ్రహించి, షేరు ధర తప్పక పెరుగుతుందని తమలో తాము చాట్‌లో చర్చించుకుని, 2020 మే 6న ఫలితాలు వెలువడక ముందే తమవారి ఖాతాల ద్వారా వ్యాపారం జరిగేలా చూశారని, దానివల్ల అందరికీ కలిపి 10 లక్షల డాలర్లకు పైగా లాభం వచ్చిందని ఆ సంస్థ ఆరోపణ. ఇక్కడ ఎవరూ రహస్య ఫైలు దొంగిలించలేదు, బోర్డు సమావేశాన్ని చాటుగా వినలేదు. ఉద్యోగంలో భాగంగా చూసే అంకెల నుంచే కంపెనీ ఆదాయం ఎటు పోతున్నదో వారికి అర్థమయింది. నెట్‌ఫ్లిక్స్ విషయంలోనూ ఇదే జరిగింది. చందాదారుల పెరుగుదల లెక్కలను ఇంజినీర్లు ముందుగా బయటికి చేరవేసి, తమ బృందానికి 30 లక్షల డాలర్లకు పైగా లాభం తెచ్చారని 2021లో ఎస్‌ఈసీ కేసు పెట్టింది. అందులో ప్రధాన నిందితుడు కంపెనీ వదిలిపెట్టిన తరువాత కూడా లోపల ఉన్న మరొకరి ద్వారా అంకెలు తెప్పించుకున్నాడని అభియోగం.

అలాగని మీరు చూసే ప్రతి అంకె యూపీఎస్‌ఐ కాదు. ఒక ఊరిలోని ఒక దుకాణంలో ఒక రోజు ఎంత అమ్మారన్నది తెలిసినంత మాత్రాన కంపెనీ షేరు ధర కదలదు. కానీ అలాంటి వందల అంకెలు ఒకే తెరపై కలిసి కంపెనీ మొత్తం ఆదాయం ఎటు పోతున్నదో చూపించినప్పుడు, ఆ మొత్తం చిత్రం యూపీఎస్‌ఐ అవుతుంది. డాష్‌బోర్డు పని సరిగ్గా అలా కలిపి చూపించడమే కదా! కాబట్టి మొదట మీ పేరు నిర్దేశిత వ్యక్తుల జాబితాలో ఉందేమో అడిగి తెలుసుకోండి. ఉన్నట్లయితే ట్రేడింగ్ విండో (నిర్దేశిత వ్యక్తులు కంపెనీ షేర్లు కొనడానికి, అమ్మడానికి వీలున్న కాలం) మూసి ఉన్నప్పుడు కొనరాదు, అమ్మరాదు. విండో తెరిచి ఉన్నా కంపెనీ నియమావళిలో చెప్పిన పరిమితి దాటితే ముందస్తు అనుమతి కావాలి. కొన్న తరువాత ఆరు నెలల లోపు అమ్మడం, అమ్మిన తరువాత ఆరు నెలల లోపు కొనడం కుదరదు. జాబితాలో మీ పేరు లేకపోయినా యూపీఎస్‌ఐ దగ్గర పెట్టుకుని షేర్లు కొనే హక్కు మాత్రం రాదు. జాబితా కంపెనీ తయారు చేసినది, నిషేధం మాత్రం అందరికీ వర్తించేది.

ప్రశ్న: నేను విశ్రాంత బ్యాంకు అధికారిని, కొద్దిపాటి మదుపరిని. కంపెనీలు డిజిటల్ పద్ధతులకు మారితే లెక్కలు త్వరగా తేలుతాయి, సమాచారం అందరికీ ఒకేసారి చేరుతుంది, కనుక లోపలివారు సంపాదించే అదనపు లాభం క్రమంగా తగ్గిపోవాలి. ఇలా అనుకోవడం సరైనదేనా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: సగం వరకు సరైనదే. లోపలివారికి తెలిసినదానికీ బయటివారికి తెలిసినదానికీ మధ్య ఉన్న అంతరమే ఇన్‌సైడర్ లాభానికి మూలం. కంపెనీ లెక్కలు శుభ్రంగా, పోల్చి చూడటానికి వీలుగా, ఎక్స్ఛేంజీ వెబ్‌సైటులో వెంటనే దొరికితే ఆ అంతరం తగ్గుతుంది. ప్రమోటర్లు, డైరెక్టర్లు చేసే లావాదేవీల విషయంలో ఈ మేలు స్పష్టంగా కనిపిస్తుంది. ఒక త్రైమాసికంలో 10 లక్షల రూపాయలు దాటి కొన్నా అమ్మినా ఆ వ్యక్తి ఫారం నింపి రెండు ట్రేడింగ్ రోజులలోగా కంపెనీకి ఇవ్వాలి, కంపెనీ దానిని ఎక్స్ఛేంజీకి పంపాలి అన్నది నిబంధన. ఆ ఫారాలు ఆలస్యమయ్యేవి, కొన్నిసార్లు వచ్చేవే కావు. ఇప్పుడు పాన్ నంబరు ఆధారంగా డిపాజిటరీల (షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో భద్రపరిచే సంస్థల) నుంచి ఆ వివరాలు నేరుగా ఎక్స్ఛేంజీకి చేరే ఏర్పాటు ఉంది. మీరు ఏ కంపెనీ షేరైనా కొనే ముందు ఎక్స్ఛేంజీ వెబ్‌సైటులో ఈ వివరాలు చూడటం అలవాటు చేసుకోండి. ప్రమోటరు కొన్నాడు గనుక మనమూ కొనవచ్చునని వెంటనే తీర్మానించుకోకండి. వరుసగా పలువురు అధికారులు అమ్ముతూ పోవడం మాత్రం ఆలోచించవలసిన విషయం.

మిగతా సగం గురించి అంత తరచుగా చర్చ జరగదు. డిజిటల్ వ్యవస్థల వల్ల సమాచారం లోపలివారికి ముందుకంటే చాలా త్వరగా తెలుస్తోంది. బయటివారికి తెలిసే గడువు మాత్రం మారలేదు. త్రైమాసికం ముగిసిన 45 రోజులలోగా ఫలితాలు ప్రకటించాలి, సంవత్సరాంత ఫలితాలకు 60 రోజులు. పుస్తకాలతో లెక్కలు తేల్చే రోజుల్లో లోపలివారికి కూడా అసలు అంకె తెలియడానికి వారాలు పట్టేది కనుక, వారికి బయటివారి కంటే మిగిలే వ్యవధి కొద్ది రోజులే. ఈనాడు అమ్మకాల అంకె జూన్ 30 సాయంత్రానికే తెరపై కనిపించే కంపెనీలు ఉన్నాయి. అదే అంకె మీకు ఆగస్టులో తెలుస్తుంది. అంటే వేగం పెరిగిన కొద్దీ అంతరం తగ్గకపోగా లోపలివైపు పెరిగింది.

ట్రేడింగ్ విండో నిబంధన కూడా పాతకాలపు లెక్కమీదే నడుస్తోంది. త్రైమాసికం చివరి రోజు నుంచి ఫలితాలు ప్రకటించిన 48 గంటల వరకు విండో మూసి ఉంచాలి. ఫలితాలు ఆగస్టు 5న వచ్చాయనుకుంటే 7వ తేదీ తరువాత విండో తెరుచుకుని సెప్టెంబరు ఆఖరు వరకు అలాగే ఉంటుంది. కానీ ఆగస్టు 20న డాష్‌బోర్డు చూసే ఉద్యోగికి జూలై నెల మొత్తం, ఆగస్టులో సగానికి పైగా అమ్మకాలు అప్పటికే తెలుసు. త్రైమాసికం ముగిసినప్పుడే అంకెలు పోగవుతాయన్న ఊహ ఇక్కడ నిలవదు. విండో తెరిచి ఉన్నా యూపీఎస్‌ఐ ఉన్నవారు వ్యాపారం చేయరాదన్న మూల నిబంధన ఎలాగూ ఉంది. అయితే విండో మూసినప్పుడు నిర్దేశిత వ్యక్తుల పాన్ నంబరును ఆ కంపెనీ షేర్ల వరకు డిపాజిటరీయే స్తంభింపజేస్తుంది, తెరిచినప్పుడు అలాంటి అడ్డు ఉండదు. ఈ స్తంభింపజేసే పద్ధతి 2022లో నిఫ్టీ, సెన్సెక్స్ కంపెనీలతో మొదలై 2024 ఏప్రిల్ నాటికి నమోదైన కంపెనీలన్నింటికీ విస్తరించింది. పొరపాటున చేసే లావాదేవీలను అది చక్కగా ఆపుతుంది. విండో తెరిచి ఉన్న వారాల్లో డాష్‌బోర్డు చూసి చేసే లావాదేవీని ఆపే యంత్రాంగం, నా అభిప్రాయంలో, ఇంకా సరిగా ఏర్పడలేదు.

ప్రశ్న: అన్ని లెక్కలూ కంప్యూటర్లో ఉంటే సత్యం కుంభకోణం వంటివి ఇక జరగవు కదా?
— ఒక విద్యార్థి, భీమవరం

సమాధానం: సత్యం స్వయంగా ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ. 2009 జనవరి 7న బయటపడిన ఆ మోసంలో నకిలీ ఇన్‌వాయిస్‌లు తయారైనది ఆ కంపెనీ సొంత ఇన్‌వాయిస్ వ్యవస్థలోనే. సూపర్ యూజర్ ఐడీతో సృష్టించిన ఏడు వేలకు పైగా ఇన్‌వాయిస్‌లు సంబంధిత విభాగాల వారికి కనిపించకుండా దాచారని దర్యాప్తులో తేలింది. లెక్కలు బూటకమని తెలిసీ షేర్ల లావాదేవీలు చేయడం ఇన్‌సైడర్ ట్రేడింగ్ కూడా అవుతుందని సెబీ 2014 జూలైలో తేల్చి, రామలింగరాజుతో సహా ఐదుగురిపై 14 ఏళ్ల నిషేధం విధించి, 1,849 కోట్ల రూపాయలు వడ్డీతో కట్టాలని ఆదేశించింది. అప్పీళ్ల కారణంగా ఆ మొత్తాన్ని తరువాత మళ్లీ లెక్కించవలసి వచ్చింది. కంప్యూటర్లో ఉన్నంత మాత్రాన లెక్క నిజమైపోదు. అయితే ఎవరి ఐడీతో ఏమి జరిగిందో ఆ వ్యవస్థలోనే మిగిలి ఉండటం దర్యాప్తుకు ఉపయోగపడింది.

ప్రశ్న: నేను కంపెనీ సెక్రటరీ కోర్సు పూర్తి చేసి ఒక మధ్యతరహా లిస్టెడ్ కంపెనీలో చేరాను. యూపీఎస్‌ఐ ఎవరికి ఇచ్చామో నమోదు చేసే డిజిటల్ డేటాబేసు బాధ్యత నాకు అప్పగించారు. పై అధికారులు దీనిని కేవలం కాగితాల పనిగా చూస్తున్నారు. నిజంగా దీని అవసరం ఎంత?
— ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: మీ పై అధికారులు అలా చూడటం మా ఉత్తరాలలో తరచు వినిపించే మాటే. ఈ డేటాబేసులో ఉండవలసినవి స్థూలంగా ఇవి: ఏ సమాచారం, ఎవరు ఎవరితో పంచుకున్నారు, వారి పేర్లు, పాన్ నంబర్లు. 2020 జూలైలో వచ్చిన సవరణ ప్రకారం దీనిని కంపెనీ లోపలే నిర్వహించాలి, బయటివారికి అప్పగించరాదు. నమోదు చేసిన సమయం తనంతట తాను పడాలి, ఎవరైనా మార్చితే ఆ జాడ మిగలాలి. వ్యవహారం ముగిసిన తరువాత కనీసం 8 సంవత్సరాలు భద్రపరచాలి. సాధారణ స్ప్రెడ్‌షీటులో పాత తేదీ వేసి కొత్త వరుస చేర్చడం ఎంత సులభమో మీకు తెలుసు గనుక, సమయముద్ర ఎందుకు అడిగారో వేరుగా చెప్పనవసరం లేదు.

దర్యాప్తు మొదలైన రోజున సెబీ మొదట అడిగేది ఈ జాబితానే. సమాచారం ఫలానా రోజున ఫలానా 15 మందికి తెలుసునని మీ డేటాబేసు చెబితే దర్యాప్తు ఆ 15 మంది చుట్టూ తిరుగుతుంది. అది ఖాళీగా ఉంటే కంపెనీలో ప్రతి ఒక్కరూ అనుమానితులే, కంపెనీ నిర్లక్ష్యం అదనపు నేరం.

అయితే అసలు చిక్కు అంతకంటే ముందు ఉంది. ఒక విషయాన్ని యూపీఎస్‌ఐగా గుర్తిస్తేనే కదా డేటాబేసులో చేరేది! ఇన్ఫోసిస్, వాన్‌గార్డ్ ఒప్పందం ఇందుకు తగిన ఉదాహరణ. అమెరికాలోని ఆ పెట్టుబడుల సంస్థకు చెందిన ఉద్యోగ విరమణ పథకాల రికార్డుల పనిని క్లౌడ్ ఆధారిత వ్యవస్థకు మార్చే భారీ డిజిటల్ ఒప్పందాన్ని ఇన్ఫోసిస్ 2020 జూలై 14న ప్రకటించింది. ప్రకటనకు ముందు జరిగిన వ్యాపారంపై సెబీ 2021 సెప్టెంబరులో ఇద్దరు వ్యక్తులపై మధ్యంతర ఉత్తర్వులు ఇచ్చింది. ఆ ఒప్పందం సంగతిని కంపెనీ యూపీఎస్‌ఐగా పరిగణించలేదని, అందుకు తగిన అంతర్గత నియంత్రణలు లేవన్న ఆరోపణపై కంపెనీ ముఖ్య కార్యనిర్వహణాధికారి సలీల్ పరేఖ్ 2024 జూన్‌లో, ఆరోపణను ఒప్పుకోకుండా, ఖండించకుండా, 25 లక్షల రూపాయలు చెల్లించి సెబీతో సెటిల్‌మెంట్ చేసుకున్నారు. ఐటీ కంపెనీకి ఒప్పందాలు రోజువారీ వ్యాపారమే కావచ్చు, కానీ వాటిలో కొన్ని షేరు ధరను మార్చేంత పెద్దవి. 2025 జూన్ 10 నుంచి అమలులోకి వచ్చిన సవరించిన నిర్వచనంలో, సాధారణ వ్యాపార క్రమానికి వెలుపల ఉన్న ఆర్డర్లు, కాంట్రాక్టులు దక్కడం గానీ రద్దు కావడం గానీ యూపీఎస్‌ఐగా స్పష్టంగా చేర్చారు. ఏది సాధారణ క్రమం, ఏది కాదు అన్న ప్రశ్న మీ బల్ల మీదికే వస్తుంది. సందేహం ఉన్నప్పుడు నమోదు చేయండి. ఎక్కువ నమోదు చేసినందుకు ఎవరూ శిక్షించరు.

ప్రశ్న: మా వారు ఒక పెద్ద కంపెనీలో విలీనాల విభాగంలో పనిచేస్తారు. వారానికి మూడు రోజులు ఇంటి నుంచే పని. వద్దన్నా మీటింగు మాటలు వంటింట్లోకి వినిపిస్తాయి. నాకు సొంత డీమ్యాట్ ఖాతా ఉంది. నేను ఏమి జాగ్రత్తలు తీసుకోవాలి?
— ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: అమ్మా, మీ ప్రశ్నకు సమాధానంగా హ్యూస్టన్ నగరంలో జరిగిన ఒక ఉదంతం చెప్పాలి. బీపీ చమురు కంపెనీలో విలీనాల విభాగం మేనేజరుగా ఉన్న ఒక మహిళ ఇంటి నుంచి పనిచేస్తూ, ట్రావెల్‌సెంటర్స్ ఆఫ్ అమెరికా అనే సంస్థను బీపీ కొనుగోలు చేసే వ్యవహారం నడిపారు. పక్కనే ఉండి ఆ సంభాషణలు విన్న ఆమె భర్త, ఆమెకు చెప్పకుండా, ఆ సంస్థ షేర్లు 46,450 కొన్నాడు. 2023 ఫిబ్రవరిలో ప్రకటన వెలువడగానే షేరు 70 శాతం పైగా పెరిగి, అతనికి 17 లక్షల డాలర్లకు పైగా లాభం వచ్చింది. విషయం తెలిసిన తరువాత ఆమె స్వయంగా తన పై అధికారికి చెప్పారు. ఆమెకు ముందుగా తెలుసునన్న ఆధారం దొరకకపోయినా ఉద్యోగం పోయింది, ఆమె విడాకులకు దరఖాస్తు చేశారు. భర్త నేరం అంగీకరించి జైలు పాలయ్యాడు.

మన నిబంధనల ప్రకారం భార్య, భర్త, దగ్గరి బంధువులు కంపెనీతో సంబంధం ఉన్న వ్యక్తులుగానే భావించబడతారు. ఆ సమాచారం తమకు అందలేదని రుజువు చేసుకునే భారం వారి మీద పడుతుంది. 2024 డిసెంబరులో వచ్చిన సవరణతో ఈ పరిధి మరింత విస్తరించి, సంబంధిత వ్యక్తితో ఒకే ఇంట్లో నివసించేవారు కూడా అందులోకి వచ్చారు. అద్దె ఫ్లాటులో నలుగురు కలిసి ఉండే కుర్రవాళ్లు ఈ వాక్యాన్ని మళ్లీ ఒకసారి చదువుకోవాలి. మీ వారి కంపెనీ షేర్లనూ, వారి పనిలో వినిపించిన ఏ ఇతర కంపెనీ షేర్లనూ మీ ఖాతాలో కొనవద్దు, అమ్మవద్దు. మీ పాన్ నంబరును ఆయన తన కంపెనీకి ఇచ్చి ఉండాలి; ఇచ్చారో లేదో అడగండి. తలుపు వేసుకుని, చెవిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని మాట్లాడమని ఆయనకూ చెప్పండి, ఎందుకంటే అవసరం లేని వ్యక్తికి యూపీఎస్‌ఐ చేరనివ్వడం, మీరు ఒక్క షేరూ కొనకపోయినా, ఆయన వైపు నుంచి ఉల్లంఘనే. ఇటువంటి ఉల్లంఘనకు సెబీ చట్టం కింద కనీస జరిమానా 10 లక్షల రూపాయలు. గరిష్ఠం 25 కోట్లు గానీ వచ్చిన లాభానికి మూడు రెట్లు గానీ, ఏది ఎక్కువైతే అది.

ప్రశ్న: నేనున్న వాట్సాప్ గ్రూపులో ఒక కంపెనీ త్రైమాసిక లాభం అంకె ఫలితాలకు రెండు రోజుల ముందే వచ్చింది, తరువాత అది నిజమైంది. అలాంటి సందేశం చూసి షేర్లు కొంటే తప్పా? సందేశాలు తొలగిస్తే సెబీకి ఎలా తెలుస్తుంది?
— ఒక పాఠకుడు, కర్నూలు

సమాధానం: మీ రెండో ప్రశ్న మొదటిదానికి సమాధానం చెప్పేస్తోంది. అయినా చట్టం ఎక్కడ ఉందో చూద్దాం. 2017 నవంబరులో పలు పెద్ద కంపెనీల ఫలితాలు ప్రకటనకు ముందే వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయని వార్తలు వచ్చాయి. సెబీ సోదాలు జరిపి దాదాపు 190 ఫోన్లు, కంప్యూటర్లు స్వాధీనం చేసుకుంది, 2020లో సందేశాలు పంపిన కొందరిపై జరిమానాలు వేసింది. అయితే ఆ అంకెలు కంపెనీ నుంచే లీకయ్యాయని గానీ, పంపినవారికి అవి యూపీఎస్‌ఐ అని తెలుసునని గానీ సెబీ రుజువు చేయలేకపోయింది. మార్కెట్లో అలాంటి అంచనాలు వందల కొద్దీ తిరుగుతుంటాయని, వాటిలో ఒకటి నిజం కావడం ఒక్కటే నేరానికి రుజువు కాదని సెక్యూరిటీస్ అప్పిలేట్ ట్రిబ్యునల్ 2021 మార్చిలో ఆ జరిమానాలను కొట్టివేసింది. 2022లో సుప్రీంకోర్టు సెబీ అప్పీలును తిరస్కరించింది. అదే ఏడాది ఏప్రిల్‌లో పీసీ జ్యుయలర్ కంపెనీకి సంబంధించిన బలరాం గార్గ్ కేసులో కూడా, బంధుత్వం, లావాదేవీల సరళి ఉన్నంత మాత్రాన సరిపోదని, సమాచారం చేతులు మారిందనడానికి గట్టి ఆధారం కావాలని సుప్రీంకోర్టు చెప్పింది.

ఇది చూసి ధైర్యం తెచ్చుకోవడం తొందరపాటు. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని సందేశం సంగతి వేరు. పంపిన వ్యక్తి ఆ కంపెనీలో పనిచేస్తాడని మీకు తెలిసి, అంకెలు సరిగ్గా ఉన్నాయని ముందే నమ్మి కొనడం వేరు. ఇక తొలగించడం గురించి: మీరు తొలగించినా గ్రూపులోని మిగతావారి ఫోన్లలో సందేశం ఉంటుంది. సెబీకి ఫోన్ సంభాషణలను వినే అధికారం లేదు గానీ, ఎవరు ఎవరికి ఎప్పుడు ఫోన్ చేశారన్న రికార్డులను తెప్పించుకునే అధికారం ఉంది. బ్యాంకు బదిలీలు, ఆర్డరు పెట్టిన ఐపీ చిరునామా, ఖాతా తెరిచేటప్పుడు ఇచ్చిన చిరునామా కూడా వారి పరిశీలనలోకి వస్తాయి. డీప్ ఇండస్ట్రీస్ వ్యవహారంలో 2018లో ఇచ్చిన ఉత్తర్వులో ఫేస్‌బుక్ స్నేహాలను, లైకులను కూడా పరిచయానికి ఆనవాళ్లుగా సెబీ లెక్కలోకి తీసుకుంది. అవి ఒంటరిగా నిలవకపోవచ్చు. కాని ఎప్పుడూ ఆ షేరు ముట్టని ఖాతాలో ఫలితాలకు ముందు రోజు పెద్ద మొత్తం కనిపిస్తే, మిగతా ఆనవాళ్ల వెదుకులాట అక్కడి నుంచే మొదలవుతుంది.

ప్రశ్న: టెక్సాస్‌లోని ఒక కంపెనీలో పనిచేస్తున్నాను. మా వ్యవస్థలపై సైబర్ దాడి జరిగింది, ఇంకా బహిరంగంగా ప్రకటించలేదు. పునరుద్ధరణ బృందంలో నేనూ ఉన్నాను. ఇంటి కొనుగోలు కోసం నా ఖాతాలో ఉన్న కంపెనీ షేర్లు ఈ నెలలో అమ్మాలని ముందే అనుకున్నాను. మాకు షేర్లపై నిషేధ నోటీసు ఏదీ రాలేదు.
— ఒక పాఠకుడు, డాలస్

సమాధానం: అమ్మకండి. నోటీసు రాకపోవడం అనుమతి కాదు. అమెరికాలో ప్రజల రుణ చరిత్ర వివరాలు ఉంచే ఈక్విఫాక్స్ సంస్థ తమపై జరిగిన సైబర్ దాడిని 2017 జూలై 29న కనుగొని సెప్టెంబరు 7న ప్రకటించింది. మధ్యలో ఉన్న ఆ దాదాపు ఆరు వారాల్లో ఇద్దరు ఉద్యోగులు చేసిన పనులు మీకు నేరుగా వర్తిస్తాయి. మొదటివాడు అక్కడి ఒక విభాగానికి ముఖ్య సమాచార అధికారి. దాడి తమ సంస్థ మీదేనని ఎవరూ అతనికి చెప్పలేదు. అతను ఊహించుకుని, అలాంటి దాడి వల్ల పోటీ సంస్థ షేరు ఎంత పడిందో ఇంటర్నెట్‌లో వెతికి, తన ఆప్షన్లన్నీ షేర్లుగా మార్చి అమ్మేశాడు. 1,17,000 డాలర్ల నష్టం తప్పించుకున్నందుకు నాలుగు నెలల జైలుశిక్ష పడింది. రెండోవాడు సాఫ్ట్‌వేర్ మేనేజరు. దాడికి గురైన ఒక క్లయింటు కోసమని చెప్పి, బాధితులు వివరాలు చూసుకునే వెబ్‌సైటు పని అతనికి అప్పగించారు. పని చేస్తూనే ఆ క్లయింటు తమ సంస్థేనని గ్రహించి, షేరు పడితే లాభం వచ్చే పుట్ ఆప్షన్లు కొన్నాడు. 75,000 డాలర్లు సంపాదించి, ఎనిమిది నెలల గృహ నిర్బంధం అనుభవించాడు, ఆ సొమ్ము వదులుకుని జరిమానా కూడా కట్టాడు. మీరైతే ఊహించుకోవలసిన అవసరం కూడా లేదు, దాడి జరిగిందని మీకు తెలుసు.

దాడి షేరు ధరను ప్రభావితం చేసేంత పెద్దదని నిర్ధారించుకున్న తరువాత నాలుగు పనిదినాల్లో ప్రకటించాలని ఎస్‌ఈసీ 2023 డిసెంబరు నుంచి నిబంధన అమలు చేస్తోంది. అయితే ఆ నిర్ధారణకే రోజులు పట్టవచ్చు, అప్పటివరకు మీ చేతిలో ఉన్నది రహస్యమే. ప్రకటన తరువాత మార్కెట్ ఆ విషయాన్ని జీర్ణించుకోవడానికి మీ కంపెనీ విధానంలో చెప్పిన వ్యవధి గడవాలి. మీ సందర్భంలో ముందే అనుకున్నానన్న మాటకు రాతపూర్వక ప్రణాళిక లేకపోతే విలువ ఉండదు. భవిష్యత్తులో ఇబ్బంది రాకుండా 10బీ5-1 ప్రణాళిక, అంటే షేర్లు ఎప్పుడు, ఎన్ని అమ్మాలో ముందుగానే రాసిపెట్టుకునే ఏర్పాటు, పెట్టుకోవచ్చు. దానిని ఏ రహస్య సమాచారమూ లేని రోజున పెట్టాలి, డైరెక్టర్లు, ఉన్నతాధికారులు కాని ఉద్యోగుల విషయంలో మొదటి అమ్మకానికి ముందు 30 రోజులు ఆగాలి. ఈ వారమే అలాంటి ప్రణాళిక మొదలుపెట్టడం కుదరదన్నది స్పష్టమే. ఇంటి అడ్వాన్సు గడువు గురించి అమ్మకందారుతో మాట్లాడుకోవడం ఇప్పుడు మీకు మిగిలిన మార్గం.

ప్రశ్న: మా కంపెనీలో ఒక అధికారి తన బావమరిది ఖాతాలో వ్యాపారం చేస్తున్నారని నాకు ఆధారాలతో తెలుసు. ఎక్కడ చెప్పాలి? ఉద్యోగం పోతుందేమోనని భయంగా ఉంది.
— పేరు, ఊరు వద్దన్న పాఠకుడు

సమాధానం: కంపెనీలో విజిల్‌బ్లోయర్ విధానం ఉంటే ఆడిట్ కమిటీకి రాయవచ్చు. అది నమ్మకంగా అనిపించకపోతే సెబీలో సమాచారం ఇచ్చేవారి కోసం ప్రత్యేకంగా ఒక కార్యాలయం ఉంది. నిర్దేశిత ఫారంలో, సమాచారం మీకు ఎలా తెలిసిందో చెబుతూ రాయాలి. న్యాయవాది ద్వారా పంపే వీలూ ఉంది. ఫిర్యాదు చేసినందుకు ఉద్యోగం నుంచి తీసివేయడం, వేధించడం నిషిద్ధం, మీ వివరాలను గోప్యంగా ఉంచుతారు. మీరు ఇచ్చిన సమాచారం వల్ల కనీసం కోటి రూపాయల అక్రమ లాభం వాపసు వచ్చినట్లయితే అందులో 10 శాతం వరకు, 10 కోట్ల రూపాయల పరిమితితో బహుమతి రావచ్చు. ఆధారాలు సేకరించాలన్న ఉత్సాహంతో మీకు అనుమతి లేని ఫోల్డర్లు తెరవడం, మరొకరి పాస్‌వర్డుతో మెయిళ్లు చూడటం చేయవద్దు. మీ ఉద్యోగంలో భాగంగా మీకు తెలిసినవి, తేదీలు, పేర్లు, ఖాతా ఎవరిదన్న వివరం ఫారంలో రాయండి. లాగ్‌లు, ఖాతా వివరాలు తెప్పించుకోవడం సెబీ చూసుకుంటుంది.